మొదటి గడి

కంప్యూటర్ లేవకపోతే జనం ముందు దాన్ని తిడతారు, తర్వాత నెత్తిన ఒక్కటి వేస్తారు, అప్పటికీ లేవకపోతే నా దగ్గరికి తెస్తారు. కాకినాడ మెయిన్ రోడ్డు పక్క సందులో ఇరవై మూడేళ్లుగా నేను చూస్తున్నది ఇదే. నా పేరు వీరవేణి. పాడైన హార్డ్‌డిస్కుల్లోంచి జనం పోగొట్టుకున్నవి బయటికి తీయడం నా పని. పెళ్లి వీడియోలు, కాలేజీ ప్రాజెక్టులు, పొలం కాగితాలు, ఒకసారి ఒక పెద్దాయన రాసుకున్న పన్నెండు వందల పద్యాలు. ఆ పద్యాలు చదవలేకపోయాను గానీ ఒక్కటి కూడా పోకుండా తీసిచ్చాను. "వేణిగారి చేతిలో పడ్డ డిస్కు చావదు" అని ఊళ్లో ఒక మాట పుట్టింది. అది విన్నప్పుడల్లా పైకి కొట్టిపారేస్తూ లోపల మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి షట్టరు ఇంకా సగమే ఎత్తాను, ఫోన్ మోగింది.

"వీరవేణిగారేనా? నా పేరు డాక్టర్ సంహిత. బీచ్ రోడ్డులో మెదడు పరిశోధనాలయం నుంచి మాట్లాడుతున్నాను. మా యంత్రం ప్రారంభం కావడం లేదు. దయచేసి త్వరగా రండి."

పుస్తకం చూసి చదువుతున్నట్టు మాట్లాడుతోంది. తండ్రిది ఈ ఊరేనట, పెరిగింది పుణెలో, తెలుగు పెద్దయ్యాక నేర్చుకుందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

"తీసుకొచ్చి ఇక్కడ పడేయండి, మధ్యాహ్నానికి చూస్తాను" అన్నాను.

"తీసుకురాలేమండీ. దానికి ఒక మనిషి కలిపి ఉంది."

నేను టిఫిన్ కూడా చేయకుండా సంచీ భుజాన వేసుకుని ఆటో ఎక్కాను.

ఆ గదిలో సగం యంత్రం, సగం ఆసుపత్రి. మధ్యలో అద్దం గోడ. అద్దానికి అవతల మంచం మీద ముప్ఫై అయిదేళ్ల ఆవిడ నిద్రపోతోంది. తలకి బట్ట పట్టీ లాంటిది చుట్టి ఉంది, దాంట్లోంచి సన్నటి తీగ గోడలోంచి ఇవతలికి వచ్చి ఒక బీరువా అంత కంప్యూటర్లోకి వెళ్లింది. దాన్ని అక్కడ అందరూ 'గూడు' అంటారు. తెల్లవారుజామున ఎదురుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పేలింది, ఆ దెబ్బకి గూడు ఆగిపోయింది. మళ్లీ పెడితే నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం ఇంగ్లీషులో వస్తోంది. మొదలుపెట్టడానికి డిస్కు లేదట. డిస్కు ఎదురుగానే ఉంది, తిరుగుతోంది కూడా.

"ఆవిడ ఎవరు?" అని అడిగాను.

నాకు జవాబు చెప్పింది డాక్టర్ కాదు, వెనక బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ. అరవై దాటి ఉంటుంది, జరీ అంచు ఆకుపచ్చ చీర, చేతిలో టిఫిన్ క్యారేజీ.

"నా కోడలమ్మా, కుసుమ. నా పేరు నూకరత్నం. ఈడు నా కొడుకు ఫణి, ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఇది మనవరాలు ధన్విక." పక్కనున్న పొడుగాటి మనిషి నమస్కారం పెట్టాడు. ఆరేళ్ల పిల్ల నన్ను కాదు, నా సంచీని చూసింది.

"కుసుమ స్కూల్లో టీచరమ్మా. ఎంత చక్కగా మాట్టాడేదనుకున్నావు. నేను లెగిసింది అంటే, అలా కాదత్తయ్యా, లేచింది అనాలి అని నన్ను దిద్దేది. నిండు చూలాలుగా ఉన్నప్పుడు మెదడువాపు జొరం వచ్చిందమ్మా. జొరం తగ్గింది, ఆ మత్తులోనే బిడ్డ పుట్టింది. కానీ కుసుమకి గుర్తు ఆ జొరం దగ్గరే ఆగిపోయింది. పగలంతా బానే ఉంటాది. పడుకుని లెగిసేసరికి మళ్లీ ఏమీ గుర్తుండదు."

"అందుకు ఈ గూడు" అంది సంహిత. "పగలు జరిగినవి ఆమె మెదడు దాచుకోలేదు. నిద్రపోగానే ఆ పట్టీ వాటిని తీసుకుని డిస్కులో రాస్తుంది. లేచే ముందు తిరిగి ఇస్తుంది. ఆరేళ్లవీ, మొదటి రోజు నుంచి, వరసగా."

"ప్రతిరోజూ, అన్నీనా?"

"అన్నీ. ఒక రోజును ముందు రోజు పట్టుకుని ఉంటుంది. మొదటిది లేకపోతే రెండోది నిలబడదు."

ఇంటిదగ్గర గూడుకి పిల్లగూడు ఒకటి ఉందట, పెట్టె అంత. నెలకి రెండుసార్లు మాత్రం ఇక్కడికొచ్చి పడుకోవాలి. ఆ రాత్రి పెట్టెలోవన్నీ గూట్లోకి వంపి పెట్టెని తుడిచేస్తారు, పొద్దున్న మళ్లీ నింపుతారు. ఆ రెండుసార్లలో ఒకటి నిన్న.

"పోయినేడు తుపానుకి కరెంటు పోయి ఇంట్లో పెట్టె ఒక పూట ఆగిందమ్మా" అంది నూకరత్నం. గొంతు తగ్గించింది, పిల్ల వింటుందని. "కుసుమ లెగిసింది. పొట్ట తడుముకుంది. అత్తయ్యా నా బిడ్డేదీ, ఎవరు ఎత్తుకెళ్లారు అని ఒకటే ఏడుపు. ఈ పిల్ల మంచం పక్కనే నించుని, అమ్మా నేనేనే అంటా ఉంది. ఇదేమో దాన్నే చూసి, ఎవరి పిల్లండీ, బయటికి పంపండి అంది. ఆ రోజు మేం పడ్డ బాధ పగవాళ్లకి కూడా వద్దు."

ఫణి లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు ఎంత టైముందో అడిగాను. నాలుగింటి వరకు అంది సంహిత. మందుతో నిద్రపుచ్చి ఉంచారు. అంతకన్నా పొడిగిస్తే ఊపిరి మీద పడుతుంది. నాలుగింటికల్లా గూడు లేస్తే కుసుమకి కూతురు ఉంటుంది, లేవకపోతే ఉండదు. ఇంత తేలిగ్గా అర్థమయ్యే పని నాకు జన్మలో తగలలేదు.

కంప్యూటర్‌కి ఒళ్లు తెలిసేది డిస్కులో మొట్టమొదటి గడి వల్ల. నేను ఫలానా, నా సామాను ఫలానా చోట ఉంది, ఇక్కడి నుంచి మొదలుపెట్టు అని అందులో రాసి ఉంటుంది. మిగతా డిస్కంతా బంగారంలా ఉన్నా ఆ ఒక్క గడి చెడిపోతే యంత్రం మొద్దులా కూర్చుంటుంది. గూడు డిస్కు తీసి నా పరికరానికి తగిలించి చూశాను. మొదటి గడిలో అర్థంలేని గీతలు. లోపల సరుకు మాత్రం ఉంది. నా ప్రాణం కుదుటపడింది.

"పెద్ద జబ్బు కాదు. కానీ అసలు డిస్కు మీద నేను చెయ్యి వేయను. ముందు నకలు తీసుకుంటాను, వైద్యం నకలు మీద. ఇదే రకం ఖాళీ డిస్కు ఒకటి ఇవ్వండి. నా దగ్గరున్నవి దీనికి పట్టవు" అన్నాను.

సంహిత ఏదో చెప్పబోయింది. ఇంతలో అద్దం అవతల పరికరం ఒకటి కీచుమంది, నర్సు చెయ్యి ఊపింది. సంహిత "ఆ అలమారాలో ఉంటాయి చూడండి" అంటూ పరిగెత్తింది.

అలమారా తెరిచాను. లోపల రెండే డిస్కులు. రెంటి మీదా తెల్ల కాగితం ముక్క అంటించి, గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసి ఉంది. ఒకదాని మీద 'తోడు'. అదేమిటో తెలియక ముట్టుకోలేదు. రెండోదాని మీద 'నిండుకుంది'.

దాని గురించి ఎవర్నీ అడగాలనిపించలేదు. మా ఇంట్లో బియ్యం ఎన్నడూ అయిపోలేదు, నిండుకునేవి. పసుపు, కుంకుమ, దీపంలో నూనె అంతే. ఒక ఆడకూతురి బతుకు దాచే డిస్కు మీద 'ఖాళీ' అని రాయడానికి చెయ్యి రాక ఎవరో ఇంత మర్యాదగా రాశారని నాకు ముచ్చటేసింది కూడా. తగిలించి చూస్తే, గుర్తుపట్టలేని డిస్కు అంది నా పరికరం. అది కొత్త డిస్కులకి అనే మాటే. గూడు రాసుకునే భాష నా పరికరానికి రాదన్న సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు. నకలు మొదలుపెట్టాను.

గంటన్నర పట్టేలా ఉంది. అంతసేపూ తెర మీద అంకె ఎక్కడం చూడ్డం తప్ప నాకు పని లేదు. నూకరత్నం నడుముకి చెంగు దోపుకుని, క్యారేజీ విప్పి బలవంతంగా నా చేతిలో రెండు ఇడ్లీలు పెట్టింది. ధన్విక నా స్టూలు పక్కకి వచ్చి నిలబడింది.

"ఆంటీ, గూడుకి జొరమా?"

"చిన్న జొరం. మందేస్తున్నాను."

పిల్ల నోరు తెరిచి కింది చిగురు చూపించింది. "ఇందాక పన్ను ఊడింది. అమ్మకి చెప్పాలి. ఇవాళే చెప్పాలి. పడుకునే లోపల చెప్పకపోతే గూట్లోకి వెళ్లదు కదా."

"వెళ్లదు" అన్నాను.

"నేను రోజూ ముఖ్యమైనవన్నీ రెండుసార్లు చెప్తాను. ఒకటి పోయినా ఒకటి ఉంటుంది."

నకలు తీసుకోవడం ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. నాకు కళ్లు చెమర్చి, ఆ సంగతి దాచుకోడానికి తెర వైపు తిరిగాను. అంకె వందకి ముప్ఫై రెండు.

ముప్ఫై ఏడు దగ్గర సంహిత తిరిగొచ్చింది. ఊపిరి సర్దుకుందని ఫణికి చెప్పి, చెమట తుడుచుకుంటూ నా భుజం మీంచి వంగి చూసింది.

"దేని మీదికి తీస్తున్నారు?"

"మీ అలమారాలోదే. నిండుకుంది అని రాసుందిగా."

"అవును, నేనే రాశాను." ఆమె ముఖంలో ఇంకా ఏమీ లేదు. "నిండుకుంది కాబట్టే కదా పక్కన పెట్టి, తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రమే తగిలిస్తున్నాం. మొదటి నాలుగేళ్లు అందులో నిండుకున్నాయి. చోటు లేక తర్వాత రెండేళ్లకి కొత్త డిస్కు..."

ఆమె అక్కడ ఆగింది. నేను తీగ లాగేశాను.

అంకె ముప్ఫై ఏడు దగ్గరే నిలిచిపోయింది.

"నిండుకోవడం అంటే అయిపోవడం" అన్నాను. మర్యాద ఎటు పోయిందో తెలియదు. "అయిపోవడం! లోపల ఏమీ లేకపోవడం! నీకు ఎవరు చెప్పారు అలా రాయమని?"

"నిండు అంటే పూర్తిగా ఉండటం కదా" అంది. చిన్నపిల్లలా అంది. "నిండు కుండ, నిండు చందమామ. పెట్టె పెట్టడానికి వీళ్ల ఇంటికి వెళ్లినప్పుడు నూకరత్నంగారు వంటింట్లో డబ్బా చూపించి, బియ్యం నిండుకున్నాయమ్మా అన్నారు. నేను సంతోషం అన్నాను."

"మూత తీసి చూశావా?"

"లేదు."

నేను కూడా తీసి చూడలేదు కదా. నా పరికరం ఒక మాట అంది, నా చిన్నప్పటి వంటిల్లు ఒక మాట అంది, నేను రెండూ నమ్మాను. తప్పు రాసింది ఆమె. ఆ తప్పును అచ్చంగా మనవాళ్ల అర్థంతో చదివి, నా చేత్తో తుడిచేసింది నేను.

పోయిన డిస్కులోంచి ఏమైనా తీయొచ్చు, రాత మీద రాత పడితే మాత్రం ఎవరివల్లా కాదు. ఇది నేను వందలమందికి చెప్పిన మాటే. అయినా రెండున్నర గంటలు ఆ డిస్కుతో పెనుగులాడాను. నాలుగేళ్లలో మొదటి ఏడాదిన్నర లేదు. ఇదిగో నీ కూతురని కుసుమకి మొదటిసారి చూపించడం, పాలు పట్టడం, పేరు పెట్టడం, పాకడం, నడవడం, అమ్మా అనడం. అన్నీ పోయాయి.

ఇక నకలు పెట్టుకోడానికి చోటూ లేదు, టైమూ లేదు. అసలు డిస్కు మీదే చెయ్యి వేశాను. డిస్కు చివర మొదటి గడికి ఒక మారు ప్రతి ఉంటుంది. దాన్ని తెచ్చి, వరస వరసా సరిచూసి, చెడిన చోటల్లా చేత్తో దిద్దాను. రెండుంపావుకి గూడు లేచింది. దీపాలు పచ్చగా వెలిగాయి. వెనక బెంచీ మీద నూకరత్నం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఫణి "థాంక్సండీ, థాంక్సండీ" అంటూ దగ్గరికొచ్చాడు. నన్ను పిలిచిన పని నేను చేశాను. ఎప్పటిలాగే శుభ్రంగా చేశాను.

పాత డిస్కు కూడా తగిలించగానే పచ్చదీపాల కింద తెర మీద ఇంకో వాక్యం వచ్చింది. మొదటి రోజు దొరకడం లేదట. దాని దగ్గరే ఆగిపోయింది.

సంహిత నన్ను పక్కకి తీసుకెళ్లింది. చేతిలో 'తోడు' అని రాసిన డిస్కు ఉంది.

"గూడు కొత్తలో మాకు భయంగా ఉండేది. కుసుమగారికి తిరిగి ఇస్తున్నది నిజంగా జరిగిందో కాదో ఎలా తెలుస్తుంది? అందుకని అదే ఇంట్లో ఉండే మరో మనిషికి కూడా పట్టీ పెట్టాం. ఇద్దరివీ పోల్చి చూసేవాళ్లం. మొదటి ఏడాదిన్నర మాత్రమే చేశాం."

"ఆ మరో మనిషి ఎవరు?"

ఆమె బెంచీ మీదున్న నూకరత్నం వైపు చూసింది.

"అదే ఇల్లు, అదే పిల్ల, అవే రోజులు" అంది సంహిత. "చూసిన కళ్లు మాత్రం వేరు. గూడుకి మొదటి రోజు దొరుకుతుంది, దాని మీద మిగతా నాలుగున్నరేళ్లు, కుసుమగారి సొంతవి, నిలబడతాయి. జ్వరానికి ముందు ముప్ఫై ఏళ్ల బతుకు ఆమె తలలో ఎలాగూ ఉంది. అదే గెలుస్తుందని నా నమ్మకం. కానీ ఒకసారి కలిపాక విడదీయడం కుదరదు."

ఒకసారి ఒక ప్లీడరుగారి కంప్యూటర్‌కి మొదటి గడి పోతే, తొందరలో వేరే డిస్కుదాన్ని తెచ్చి అతికించాను. లేచింది. లేచి, పక్క వీధిలో మందుల షాపు పేరు చూపించి, ఆ షాపు సరుకుల జాబితా అడిగింది. ప్లీడరుగారి ఫైళ్లన్నీ లోపలే ఉన్నాయి, అది మాత్రం తను మందుల షాపే అనుకుంది. ఆ రోజు ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ సంగతి సంహితకి చెప్పాను.

"మనిషి కంప్యూటర్ కాదండీ" అంది. తను కట్టిన గూడు ముందు నిలబడి ఆ మాట అంది.

ఇంట్లోవాళ్లకి చెప్పాలి. చెప్పింది సంహితే. "కరెంటు దెబ్బకి పాత డిస్కులో కొంత పోయింది" అంది. తోడు డిస్కు సంగతీ చెప్పింది. నేను నేల చూపులు చూశాను. కాదు, నేనే తుడిచేశాను అనడానికి నోరు తెరిస్తే చాలు. ఇరవై మూడేళ్ల పేరు అడ్డొచ్చింది. నన్ను నేను ఇంతగా అసహ్యించుకున్న రోజు ఇంకోటి లేదు, అయినా నోరు తెరవలేదు.

ఫణి అద్దం అవతల మంచం వైపు చూశాడు. "మా అమ్మ చూసినవి కుసుమ తలలో పెడతారా?" అన్నాడు. "పెట్టకపోతే?"

"ఈరోజు ఆమె లేచేసరికి ధన్విక పుట్టి ఉండదు. రేపూ అంతే. ఇక ఎప్పుడూ అంతే" అంది సంహిత.

"పెట్టండమ్మా" అంది నూకరత్నం. ఆవిడకి అందులో ఆలోచించేది ఏమీ కనపడలేదు. "నేను చూసిందీ దాని బిడ్డనేగా. పుట్టగానే నా చేతుల్లోనే పెట్టారు. నా దగ్గరున్నవి నా కోడలికిస్తే నాదేం పోద్ది? అంతా తీసుకోమనండి."

ఫణి నా వైపు తిరిగాడు. "మీకు మిషన్ల సంగతి తెలుసు. డాక్టరుగారి మాట పక్కన పెట్టండి. మీరు చెప్పండి, లేస్తాదా?"

"లేస్తుంది" అన్నాను.

అబద్ధం కాదు. ఆయన అడిగింది అంతే, నేను చెప్పిందీ అంతే.

మూడుంపావుకి తోడు డిస్కు తగిలించాం. గూడు దాన్ని తీసుకుంది. ఏ పేచీ పెట్టకుండా, ఇన్నాళ్లూ దానికోసమే చూస్తున్నట్టు తీసుకుంది. మొదటి రోజు దొరికిందని తెర మీద వచ్చింది. రెండో రోజు, మూడో రోజు. తర్వాత అంకెలు చదవడానికి వీల్లేనంత వేగంగా పోయాయి. అద్దం అవతల కుసుమ కనురెప్పల కింద కళ్లు కదిలాయి. ఒక చోట ఆమె కుడిచెయ్యి దుప్పటి మీంచి లేచి, నడుముకి చెంగు దోపుకుంది. అక్కడ చెంగు లేదు, ఆసుపత్రి గౌను ఉంది. నేను సంహితని చూశాను, ఆమె చూడనట్టే నిలబడింది.

నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా మందు ఆపేశారు. అందర్నీ లోపలికి రమ్మన్నారు. నేను వెళ్లాల్సిన పని లేదు. కాళ్లు ఆగక గుమ్మం దాకా వెళ్లాను.

కుసుమ కళ్లు తెరిచింది. పైకప్పు చూసింది, కిటికీ చూసింది. తర్వాత మంచం కొసన ఊపిరి బిగబట్టి నిలబడ్డ పిల్లని చూసింది. ముఖమంతా వెలిగింది.

"ధనూ! రా తల్లీ, రా."

పిల్ల ఒక్క గెంతులో మంచమెక్కింది. ఫణి మోకాళ్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నర్సు కళ్లు తుడుచుకుంది. సంహిత నా చెయ్యి పట్టుకుని నొప్పెట్టేలా నొక్కింది. నాక్కూడా ఏడుపొచ్చింది. బతికాం అనుకున్నాను. నా తప్పు ఎవరికీ తెలియకుండా కడుక్కుపోయిందని సంతోషించాను, ఉన్న మాట చెప్పాలి కదా.

కుసుమ పిల్ల నెత్తి నిమిరింది. "తలకి సమురు పెట్టి ఎన్నాళ్లయిందే? జుట్టు పీచులా అయిపోయింది." ఆ చెయ్యే ఫణి తల మీద వేసింది. "ఊరుకోరా పండూ. మగాడివి, ఏంట్రా ఆ ఏడుపు? పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?"

ఫణి ఏడుపు ఆగిపోయింది. తల ఎత్తలేదు. ఆమె చేతి కింద అలాగే ఉండిపోయాడు. ఆ పేరుతో, ఆ యాసతో అతన్ని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే, ఆవిడ మంచానికి అవతలి పక్క క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది.

కుసుమ అటు చూసింది. చూసి, భయపడి పిల్లని గట్టిగా పొదువుకుంది.

"ఆవిడెవర్రా?" అని కొడుకుని అడిగినట్టు మొగుణ్ణి అడిగింది, గుసగుసగా. "నా మొహమేసుకుని నించుందేంట్రా? ఆ ఆకుపచ్చ చీర నాది."

నూకరత్నం మనవరాలి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. క్యారేజీని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"పక్క గదిలో ఉంటానమ్మా. మా వాళ్లకీ ఒంట్లో బాలేదు" అంది. "పాపని చూసి వెళ్దామని వచ్చాను. భయపడకు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుంటూ నా పక్కనుంచి బయటికి నడిచింది. నేను దారి ఇచ్చాను.

ధన్విక మంచం మీంచి సగం దిగి అరిచింది. "నానమ్మా! ఎక్కడికి? నానమ్మా!"

"ఎక్కడికీ వెళ్లలేదమ్మా, ఇక్కడే ఉన్నాగా" అంది కుసుమ, పిల్లని వెనక్కి లాక్కుని ఒళ్లో పడుకోబెట్టుకుంటూ. పిల్ల బిక్కచచ్చి ఆమె ముఖంలోకి చూసింది. కుసుమ దాని వీపు తట్టింది, ఆప్యాయంగా, ఎన్నో ఏళ్లుగా తడుతున్న చేత్తో. తర్వాత గదంతా ఒకసారి కలయజూసి, ఫణి వైపు వంగి, పిల్ల వినకుండా గొంతు తగ్గించి అడిగింది.

"కుసుమేదిరా? ఇంకా లెగవలేదా?"